వెలుగు రాకమునుపు పలికిన సాక్ష్యము

ధ్యాన భాగములు: కీర్తనలు 88, మార్కు 5

కీర్తనల గ్రంథములో కన్నీటితో ఆరంభమగు కీర్తనలు అనేకములు కలవు. అవి మూలుగుతో మొదలై, నడుమ ఎక్కడనో ఒక మలుపు తిరిగి, స్తుతితో ముగియుట వాడుక. 88వ కీర్తనకు ఆ మలుపు లేదు. మొదటి వచనమున దేవునికి మొఱపెట్టిన మనుష్యుడు 18వ వచనమునందును అదే అగాధములో నున్నాడు. హెబ్రీ మూలములో ఈ కీర్తన కట్టకడపటి మాట చీకటి అను అర్థమిచ్చునది. దాని తరువాత ఆమేన్ లేదు, హల్లెలూయ లేదు. వ్యాఖ్యాతలు కొందరు దీనిని చదివి కలవరపడి, ఏదో యొక విధమున ఆశాకిరణమును దీనిలోనికి తెచ్చుటకు యత్నించిరి. అది అనవసరమైన శ్రమ. పరిశుద్ధ గ్రంథము ఉండనిచ్చిన చీకటిని వ్యాఖ్యాత దీపము పట్టుకొని తరుమనక్కరలేదు.

ఈ కీర్తనకారుడు ముసలితనపు అలసటతో పలుకలేదు. తన బాధ చిన్ననాటినుండియే ఉన్నదనియు, అప్పటినుండి తాను మరణమునకు చేరువగానే బ్రదుకుచున్నాననియు 15వ వచనమున చెప్పుచున్నాడు. తెలుగు బైబిలులో "బాల్యము" అని యున్నచోట మూలమందున్న మాట పసితనమునకే గాక పడుచుప్రాయమునకును చెల్లునది. బలము ఉడిగిపోవుట, లోపల చిక్కుబడి వెలుపలికి రాలేకపోవుట, భయములు నీటివలె దినమంతయు చుట్టుకొనుట, నెళవరులు దూరమై పోవుట, ఇవి అతడు చెప్పిన గుర్తులు. మనోవ్యాధితో వైద్యుని యెదుట కూర్చున్న యౌవనస్థుడు తన మాటలలో చెప్పుకొనునదియు ఇంచుమించు ఇదియే. కీర్తనకారుని వ్యాధి ఏదో నిర్ణయించుట ఎవరి తరము కాదు. కుష్ఠమని పూర్వులు కొందరు తలంచిరి. ఆ నిర్ణయము ఇచ్చట అక్కరలేదు.

అక్కరైన సంగతి వేరు. ఈ మనుష్యుడు ప్రార్థన మానినవాడు కాడు. పగలును రాత్రియు మొఱపెట్టుచున్నానని మొదట చెప్పెను. ప్రతిదినము చేతులు చాపుచున్నానని 9వ వచనమున చెప్పెను. తెల్లవారగనే తన ప్రార్థన దేవుని సన్నిధికి చేరునని 13వ వచనమున మరల చెప్పెను. అయినను చీకటి వదలలేదు. ప్రార్థన కొరవడినందున మనోవ్యాధి వచ్చుననియు, విశ్వాసము నిండుగా నున్న యెడల అది రాదనియు బోధించువారు ఈ కీర్తనను బైబిలులోనుండి చింపివేసిన తరువాతనే ఆ బోధ చేయవలసియుండును.

ఇక దీని శిరోనామమును చూడవలెను. శిరోనామములను చాలమంది చదువక దాటిపోవుదురు గాని ఇచ్చట అది మిక్కిలి విలువైనది. ఈ కీర్తన ప్రధానగాయకునికి అప్పగింపబడినది. అనగా ఇది ఒక రోగి తలగడ క్రింద దాచుకొనిన కాగితము కాదు; సమాజము కూడి పాడుటకు దేవాలయపు గాయకుల చేతికి ఇయ్యబడినది. అంతియే కాదు. తెలుగు బైబిలులో దైవధ్యానమని అనువదింపబడిన "మస్కీల్" అను మాట ఈ శిరోనామములో నున్నది. దాని సరియైన అర్థమును గూర్చి పండితులలో చర్చ కలదు గాని, తెలివి, వివేచన, గ్రహింపు అను భావములు గల ధాతువునుండి అది పుట్టినదని సాధారణముగా చెప్పుదురు. ఈ దినములలో "మానసిక ఆరోగ్యమును గూర్చిన అవగాహన" అను మాట పత్రికలలోను కళాశాలలలోను తరచుగా వినబడుచున్నది. గ్రహింపు కలిగించు కీర్తనగా ఒక బాధితుని మాటను సమాజమునకు వినిపించు పని ఇశ్రాయేలు దేవాలయములో ఎన్నడో జరిగినది. ఆ బాధితుడు అప్పటికి స్వస్థపడలేదు.

తెలుగు సంఘములలో సాక్ష్యమునకు గొప్ప స్థానము కలదు. ఆదివారపు ఆరాధనలోను, గృహకూటములలోను, ఉపవాస ప్రార్థనలలోను విశ్వాసులు లేచి దేవుడు చేసిన మేలును చెప్పుదురు. జ్వరము తగ్గినది, ఉద్యోగము వచ్చినది, కడుపు పండినది అని చెప్పిన ప్రతివాని వెంట సంఘమంతయు స్తోత్రమనును. ఈ ఆచారము మంచిదే. అయితే దీనికి వ్రాయబడని నియమమొకటి ఏర్పడియున్నది: సాక్ష్యము ముగిసిపోయిన బాధను గూర్చినదై యుండవలెను. "నేను రెండేండ్లుగా మాత్రలు మ్రింగుచున్నాను, ఇంకను మ్రింగుచున్నాను, నిన్నటి రాత్రి కూడ నిద్రపట్టలేదు, అయినను ఈ దినము ఇచ్చటికి వచ్చితిని" అని ఇరువదేండ్ల పిల్లవాడు లేచి చెప్పిన యెడల ఏ పాస్టరుగారు స్తోత్రమనును? చాలచోట్ల వెంటనే చేతులుంచి ప్రార్థింతురు. అది ప్రేమతోనే చేయుదురు. కాని అతడు ప్రార్థన కోరలేదు, సాక్ష్యమిచ్చెను. రెంటికిని భేదము కలదు.

ఆ పిల్లవాడు లేవకమునుపే ఇంటిలో అతని నోరు మూయబడియుండును. డిగ్రీ చదువుచున్న కుమార్తె తిండి మాని, పుస్తకము ముట్టక, గోడవైపు తిరిగి పండుకొనియుండగా తల్లి మొదట చెప్పు మాట "ఎవ్వరితోనూ అనకమ్మా, చెల్లికి పెళ్ళి కావాలి" అనునదే. ఆ తల్లిని నిందించుట సులభము. ఆమె భయము ఊరకనే పుట్టినది కాదు. సంబంధము చూడవచ్చినవారు చక్కెర వ్యాధిని క్షమింతురు, గుండె జబ్బును క్షమింతురు, దీనిని క్షమింపరని ఆమెకు తెలియును. "ఎర్రగడ్డ" అను పేరు హైదరాబాదులో ఒక పేట పేరు మాత్రమే. అచ్చట మానసిక వైద్యశాల యున్నందున అది సినిమాలలోను కళాశాల ఆవరణములలోను ఎగతాళి మాటగా మారినది. యౌవనస్థుల కూడికలలో కూడ ఆ పరిహాసము వినబడుచునే యున్నది. పదిమంది నవ్వినప్పుడు వారిలో ఒకడు లోలోపల గాయపడియుండవచ్చునని ఎవరును తలంపరు.

అట్టివాడు ఆ పదిమందిలో ఉండుట అరుదు కాదు. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ 2015–16 సంవత్సరములలో 12 రాష్ట్రములలో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దవారిలో నూటికి 10.6 మందికి ఏదో యొక మానసిక వ్యాధి ఆ సమయమున ఉన్నట్లు తేలెను. 13 మొదలు 17 ఏండ్ల ప్రాయము వారిలో అది నూటికి 7.3. వ్యాధి గలవారిలో వ్యాధినిబట్టి నూటికి 70 మొదలు 92 మంది వరకు చికిత్స పొందుటయే లేదు. రెండువందల మంది పెద్దలు కూడు ఒక సంఘములో ఇరువది మంది ఇట్టివారు ఉండవచ్చునని ఈ లెక్క చెప్పుచున్నది. వారు ఏ బల్లపై కూర్చుందురో పాస్టరుగారికి తెలియదు. తెలియకపోవుటయే ఇచ్చటి విషాదము.

సువార్తలను చదువువారికి ఒక సందేహము కలుగును. ప్రభువు దయ్యములను వెళ్లగొట్టెను గదా, ఈ వ్యాధులన్నియు దయ్యముల పనియే కాదా? మత్తయి 4:24లో ప్రభువునొద్దకు తేబడిన రోగుల పట్టిక యున్నది. దానిలో దయ్యము పట్టినవారు, చాంద్రరోగులు, పక్షవాయువు గలవారు వేరువేరుగా చెప్పబడిరి. చాంద్రరోగులను మాట గ్రీకు మాటకు సరిగా సరిపోవు అనువాదము. చంద్రునివలన మూర్ఛ మొదలగునవి కలుగునని ఆ కాలమువారి తలంపు. గ్రీకు మాటలో చంద్రుని పేరే యున్నది. నిజమే, 17వ అధ్యాయములో చాంద్రరోగియైన బాలునినుండి దయ్యము వెడలిపోయినట్లు మత్తయియే వ్రాసెను. కాబట్టి ఒక్క వచనముతో వాదము ముగియదు. అయినను ఈ రెంటిని ఎల్లప్పుడు ఒకటిగా కట్టివేయుటకు సువార్తికుడు అనుమతించలేదు. చంద్రుడే కారణమని నేడు ఎవరును నమ్మరు. మూర్ఛకు మందున్నదని పల్లెలో సహితము తెలియును. మనస్సునకు కలుగు వ్యాధి విషయములో మాత్రము పాతభయము ఇంకను పాతుకొనియున్నది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో మనోరోగులను గొలుసులతో కట్టియుంచిన ఒక శాలకు నిప్పంటుకొని 25 మందికి పైగా తప్పించుకొనలేక మరణించిరి. అది వేరొక మతస్థుల పుణ్యస్థలమునొద్ద జరిగినదని క్రైస్తవులు ప్రక్కకు తొలగిపోవుట తగదు. ప్రార్థనా స్థలములలో రోగులను కట్టుటయు కొట్టుటయు ఒక్క మతమునకు పరిమితమైన పాపము కాదు.

ఒక యౌవనస్థుడు తన వ్యాధిని గూర్చి తానే నోరు విప్పినందున ఏమి జరుగునో చూచుటకు అమెరికా దేశస్థుడైన క్లిఫర్డ్ బీర్స్ జీవితము తగినది. ఆయన 1876లో కనెక్టికట్ రాష్ట్రములోని న్యూహేవెన్ పట్టణమున పుట్టెను. యేల్ విశ్వవిద్యాలయములో చదువుచుండగా అన్నకు మూర్ఛవ్యాధి వచ్చెను. అది తనకును వచ్చునను భయము ఆయన మనస్సులో నాటుకొని, చదువు ముగిసి ఉద్యోగములో చేరిన తరువాతను వదలలేదు. భయము వ్యాధిగా ముదిరెను. 1900 జూన్‌లో, 24 ఏండ్ల ప్రాయమున, ప్రాణము తీసికొనబోయి గాయములతో బయటపడెను. తరువాత మూడేండ్లు మూడు వైద్యశాలలలో గడచెను. తన్ను పట్టుకొనుటకు గూఢచారులు చుట్టును ఉన్నారని ఆయన నమ్మెను. చూడవచ్చిన బంధువులు నిజమైన బంధువులు కారనియు, వారి వేషము వేసికొని వచ్చిన పరులనియు నమ్మెను. రెండేండ్లకు పైగా దాదాపు మౌనముగా నుండెను. సొంత అన్న ఎదుట కూర్చుండి ఎంత చెప్పినను నమ్మకము కుదరలేదు.

ఆ భ్రమ విడిపోయిన రీతి ఆలోచింపదగినది. వెలుపలికి పోయివచ్చు స్వేచ్ఛగల తోటిరోగి యొకడు విచారించి, నీ అన్న నిజముగా ఆ యింటనే యున్నాడని చెప్పెను. అప్పుడు బీర్స్ ఒక ఉత్తరము వ్రాసెను. నీవు నా అన్నవే యైన యెడల ఈ ఉత్తరము నీకు చేరును, వచ్చునప్పుడు దీనిని పాస్‌పోర్టువలె చేతపట్టుకొని రావలెనని దాని సారాంశము. 1902 ఆగస్టు చివర ఆ అన్న ఆ ఉత్తరమును చేతపట్టుకొని వచ్చెను. దానిని చూచిన క్షణముననే ఏండ్లనాటి భ్రమ కూలెను. వాదము చేయలేని పనిని ఒక కాగితము చేసెను. ఆ కాగితమును వ్రాసినవాడు రోగి, దానికి త్రోవ చూపినవాడు రోగి, దానిని తప్పక తెచ్చినవాడు విసుగక ఎదురుచూచిన అన్న.

ఇచ్చట కథ ముగిసినయెడల సాక్ష్యముల సమయమునకు చక్కగా అమరియుండెడిది. కాని ముగియలేదు. క్రుంగుదల తొలగిన వెంటనే మనస్సు మరియొక కొసకు ఎగసెను. నిద్రమాని, ఆగక మాటలాడి, దొరకిన కాగితమెల్ల నింపుచు, లోకమును సంస్కరించెదనను ఉద్రేకములో పడెను. ఇట్టి రెండు కొసల వ్యాధిని నేటి వైద్యులు బైపోలార్ వ్యాధి అందురు. ఆ స్థితిలో ఆయన చేతులను మడిచికట్టు బిగుతు చొక్కాలో రాత్రులు గడిపెను, చలిగదులలో మూయబడెను, సేవకుల దెబ్బలు తినెను. తాను చూచినది వ్రాసి రాష్ట్ర గవర్నరుకు ఉత్తరము పంపెను. 1903లో విడుదలై మరల ఉద్యోగము చేసెను. 1905 ఆరంభమున తన మనస్సు మరల ఎగయుచున్నదని తానే గుర్తించి, తనంతట తానే కొంతకాలము వైద్యశాలకు తిరిగి పోయెను. ఇది మిక్కిలి గొప్ప సంగతి. రోగమును గుర్తించి తలుపు తట్టినవాని వివేకము రోగము లేనివాని వివేకముకంటె తక్కువది కాదు.

1908లో ఆయన తన అనుభవమును "ఎ మైండ్ దట్ ఫౌండ్ ఇట్‌సెల్ఫ్" అను పేరుతో ప్రకటించెను. తన్ను తాను కనుగొనిన మనస్సు అని దాని భావము. మారుపేరు పెట్టుకొనలేదు. తత్త్వవేత్తయైన విలియం జేమ్స్ వ్రాతప్రతిని చదివి మెచ్చుకొని వ్రాసిన ఉత్తరము ఆ గ్రంథమునకు ముందుమాటయైనది. ఆ సంవత్సరమే కనెక్టికట్‌లో ఒక సంఘమును, 1909లో జాతీయ సమితిని ఆయన స్థాపించెను. వైద్యులు, రోగుల బంధువులు, పూర్వరోగులు ఒకే బల్లచుట్టు కూర్చుండుట ఆ కాలమునకు కొత్త. ఆ ఉద్యమము దేశములు దాటి 1930లో వాషింగ్టనులో అంతర్జాతీయ మహాసభగా కూడెను. దాని వారసత్వమునుండి 1948లో పుట్టిన ప్రపంచ మానసిక ఆరోగ్య సమాఖ్యయే 1992 మొదలుకొని అక్టోబరు 10వ తేదీని ప్రపంచ మానసిక ఆరోగ్య దినముగా ఆచరింపజేయుచున్నది. తెలుగు నాట కళాశాలలలో ఆ దినమున జరుగు ఉపన్యాసములకు వెనుక ఒక రోగి వ్రాసిన పుస్తకము కలదని చాలమందికి తెలియదు.

బీర్స్ వేదాంతి కాడు, ఆయన పుస్తకము భక్తిగ్రంథము కాదు. ఆయన్ను పరిశుద్ధునిగా చూపుటకు ఈ వృత్తాంతము చెప్పబడలేదు. ఆయన అంత్యము చెప్పుటకే ఇంత చెప్పవలసి వచ్చినది. 1939లో ఆయన మనస్సు మరల క్రుంగెను. ఒక వైద్యశాలలో రోగిగా చేరి, 1943లో అచ్చటనే మరణించెను. ఇది విన్న వెంటనే "అయితే ఆయన బాగుపడలేదా?" అని అడుగువారుందురు. ఆ ప్రశ్నలోనే తప్పు దాగియున్నది. సాక్షి బాగుపడిన తరువాతనే సాక్ష్యము చెల్లును, మరల పడిన యెడల చెల్లదు అనుట 88వ కీర్తన యెరుగని నియమము. లక్షలమందికి తలుపు తెరచిన మనుష్యుడు ఆ తలుపు గుండనే రోగిగా మరల లోపలికి పోయెను. ఆయన చెప్పిన సంగతులు అందుచేత అబద్ధము కాలేదు.

బీర్స్ దినములలో లేని మందులు నేడు కలవు. బైపోలార్ వ్యాధికి ఇచ్చు లిథియము భూమిలో దొరకు ఒక లోహపు లవణము. దాని గుణమును 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ ప్రకటించెను. దానిని వాడువారు నియమముగా రక్తపరీక్ష చేయించుకొనుచు, కొలత తప్పక వాడవలెను. ఇది వైద్యపాఠము కాదు గాని ఒక్క మాట చెప్పక తీరదు. ప్రార్థించిన పిమ్మట విశ్వాసమునకు గురుతుగా మాత్రలు మానుమని యౌవనస్థులకు చెప్పువారు నేటికిని ఉన్నారు. హఠాత్తుగా మందు మానినప్పుడు వ్యాధి మునుపటికంటె వేగముగా తిరిగివచ్చుట కలదు, ప్రాణాపాయమును కలదు. హిజ్కియా స్వస్థపడునని దేవుని నోట విన్న యెషయాయే అంజూరపు పండ్ల ముద్దను పుండుపై కట్టుమని చెప్పెను. దేవుని వాగ్దానము కలదు గదా, ముద్ద ఎందుకని హిజ్కియా అడుగలేదు. చావగోరి చెట్టుక్రింద పడుకొనిన ఏలీయాకు దూత మొదట చేసినది బోధ కాదు. రొట్టెయు నీళ్లును ఇచ్చి, మరల నిద్రపోనిచ్చి, మరల లేపి, ప్రయాణము కష్టమైనదని ఒప్పుకొనెను. ఆ ఒప్పుకోలు చిన్నది కాదు. నీకు కష్టముగా నున్నదని ఎవరైన ఒప్పుకొనుటకై సంవత్సరములుగా కాచుకొనియున్న యౌవనస్థులున్నారు.

వినువారి బాధ్యత ఇచ్చట మొదలగును. యోబు స్నేహితులు ఏడు దినములు మాటలాడక నేలపై కూర్చున్నంతసేపు మంచి స్నేహితులే. నోరు తెరచిన తరువాతనే వారు చెడిరి. యాజకుడైన ఏలీ పెదవులు మాత్రము కదలుచున్న హన్నాను చూచి త్రాగియున్నదనుకొనెను. ఆమె వినయముగా, గట్టిగా, తాను త్రాగలేదనియు మనోవేదనతో నున్నాననియు చెప్పెను. ఏలీ తన మాటను మార్చుకొని ఆమెను దీవించి పంపెను. వయస్సు చెల్లిన యాజకుడు బాధలోనున్న స్త్రీ చెప్పినది విని మనస్సు మార్చుకొనుట సంఘపెద్దలకు తగిన మాదిరి. హన్నా అప్పటికి గొడ్రాలే, ఆమె కోరిక ఇంకను నెరవేరలేదు. అయినను ఆ దినము ఆమె భోజనము చేసెననియు ముఖము మారెననియు వ్రాయబడియున్నది.

వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు చెందిన మానసిక ఆరోగ్య కేంద్రములో రోగితో కూడ కుటుంబస్థులును వచ్చి నివసించు పద్ధతి ఎన్నో దశాబ్దములుగా ఉన్నది. అమృతసరములో డాక్టరు విద్యాసాగర్ 1950ల దశాబ్దములో వైద్యశాల ఆవరణమున డేరాలు వేయించి బంధువులను రోగులతో నుండనిచ్చెను. పాశ్చాత్య దేశములలో రోగిని కుటుంబమునుండి వేరుచేసిన కాలమున ఈ దేశములో కుటుంబమును లోపలికి పిలిచిరి. తెలుగు గృహములు దీనిని జ్ఞాపకముంచుకొనవలెను. రోగిని దాచిపెట్టు కుటుంబమే రోగి ప్రక్కన చాప పరచుకొను కుటుంబము కాగలదు. దేశపు చట్టము కూడ మారినది. 2018 మే 29 నుండి అమలులోనున్న 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగిని ఏ విధముగను గొలుసులతో కట్టకూడదని చెప్పుచున్నది. ప్రాణము తీసికొనబోయినవానిని నేరస్థునిగా గాక తీవ్రమైన మనోవేదనలో నున్నవానిగా ఎంచుమని చెప్పుచున్నది. 2022 అక్టోబరు 10న ఆరంభమైన టెలి మానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసిన యెడల ఉచితముగా, తెలుగులో సహితము మాటలాడవచ్చును. ప్రార్థన అవసరతల పట్టిక అంటించు గోడపైననే ఈ సంఖ్యను కూడ వ్రాయుట ఏ సంఘమునకును అసాధ్యము కాదు.

ఇంతచెప్పి ఒక హెచ్చరిక చేయవలసియున్నది. సంఘము మేలుకొనిన వెంటనే చేయు తప్పు ఒకటి కలదు. యౌవనస్థుల ఆదివారమున ఒక అమ్మాయిని వేదికపైకి పిలిచి, "నీ కథ చెప్పమ్మా, పదిమందికి ఉపయోగపడుతుంది" అని ఒత్తిడి చేయుదురు. ఆమె రేపు అదే సంఘములో కూర్చుండవలెను, అదే ఊరిలో ఉద్యోగము వెదకవలెను. ఏది చెప్పవలెనో, ఎవరికి చెప్పవలెనో, ఎప్పుడు చెప్పవలెనో ఆమె వశములో నుండవలెను. చెప్పకపోవుట పిరికితనము కాదు.

మార్కు సువార్త 5వ అధ్యాయమును ఈ వెలుగులో చదివినప్పుడు ఒక సంగతి కనబడును. అధ్యాయపు మొదటి భాగమున గెరాసేనుల దేశపు సమాధులలో తిరుగులాడినవాడున్నాడు. అతని బాధ దయ్యముల వలన కలిగినదని మార్కు స్పష్టముగా చెప్పెను గనుక దానిని నేటి వ్యాధి పేరులతో పిలువనక్కరలేదు. కాని ఊరివారి ప్రవర్తన ఏ కాలమునకైనను చెందినదే. వారు గొలుసులతో అతని కట్టిరి. అప్పుడు వారికి భయమున్నట్లు వ్రాయబడలేదు. బట్టలు కట్టుకొని, స్వస్థచిత్తుడై నెమ్మదిగా కూర్చున్నప్పుడు చూచి భయపడిరి. రోగిగా నున్నవానికి ఊరు అలవాటుపడినది. ప్రక్కన కూర్చుండి మాటలాడువానిగా అతడు తిరిగివచ్చుట ఊరికి రుచింపలేదు. ప్రభువు వెంట పోవుదునని అతడు బ్రతిమాలెను. ప్రభువు ఒప్పుకొనక, నీ యింటివారియొద్దకు పోయి చెప్పుమని అతని ఆ ఊరిలోనికే పంపెను. అతడు దెకపొలి అంతట చెప్పెను.

అదే అధ్యాయపు చివర పండ్రెండేండ్ల చిన్నది యున్నది. యాయీరు ఇంట ఏడ్చువారును గోలచేయువారును నిండియుండిరి. ప్రభువు మాటకు వారు నవ్విరి. ఆయన వారినందరిని వెలుపలికి పంపివేసి, తలిదండ్రులను, ముగ్గురు శిష్యులను మాత్రము వెంటబెట్టుకొని లోపలికి పోయెను. చిన్నది లేచి నడచెను. తలుపు వెలుపల జనులు కాచుకొనియుండిరి. గొప్ప సాక్ష్యమునకు అంతకంటె తగిన సమయము లేదు. ఒకనిని చెప్పుమని పంపిన ప్రభువే ఇచ్చట ఇది ఎవరికిని తెలియనియ్యవద్దని గట్టిగా ఆజ్ఞాపించెను. ఆ పిల్లను ఎవరికిని చూపుమనలేదు, ఆమెను ఏమియు అడుగలేదు. ఆమెకు తినుటకు ఏమైన పెట్టుమని ఇంటివారితో చెప్పెను.